తెర చెప్పిన ధర్మానికి పూచీ ఎవరిది?

చెన్నైలోని తెలుగు దేవాలయాల నిర్వాహకులకు, ప్రవచనకర్తలకు, తెలుగులో ఆరాధన నడిపే చర్చిల పెద్దలకు నమస్కారం.

ధనుర్మాసం దగ్గర పడుతోంది. ఈసారి తిరుప్పావై ప్రవచనాలతో పాటు, భక్తుల ధర్మసందేహాలకు కృత్రిమ మేధతో జవాబులు చెప్పించే తెరలు పెట్టాలని రెండు మూడు ఆలయాల్లో ఆలోచన నడుస్తున్నట్టు విన్నాను. మాంబళం వైపు ఒక ఆలయంలో ఇప్పటికే ఒకటి వెలిసింది. ఒక చర్చిలో యువజనులకు బైబిలు ప్రశ్నలకు బదులిచ్చే చాట్‌బాట్‌ను ఫోన్లలో పెట్టి ఇచ్చారు. ఇదే సమయంలో వేదికల మీద రెండు రకాల మాటలు వినబడుతున్నాయి. సర్వం చైతన్యమయమే కదా, యంత్రానికి మాత్రం ఎందుకు ఉండదు, రేపోమాపో దానికీ ఆత్మ వస్తుందని ఒకరు. అది సాతాను గొంతు, ముట్టుకోవద్దని ఇంకొకరు. ఇద్దరికీ చప్పట్లు పడుతున్నాయి. నాకు ఇద్దరితోనూ పేచీ ఉంది.

ముందు నేనెవరో చెప్పాలి. పాత మహాబలిపురం రోడ్డులో, షోలింగనల్లూరు దగ్గర ఒక కంపెనీలో పనిచేస్తాను. యంత్రం రాసిన తెలుగు చదివి మార్కులు వేయడం నా ఉద్యోగం. పైన ఒక ప్రశ్న ఉంటుంది, కింద పక్కపక్కన రెండు జవాబులు. ఏది మేలు, ఎంత మేలు అని నొక్కాలి. తెలుగు సహజంగా ఉందా, విషయం సరైనదేనా, మర్యాద ఉందా, ఎదుటివారి మనసెరిగి మాట్లాడిందా అని విడివిడిగా గళ్లుంటాయి. ఆ చివరి గడి గురించే మీకు తెలియాలి. భర్తను పోగొట్టుకున్న స్త్రీ అడిగిన ప్రశ్న ఒకటి వచ్చిందనుకోండి. ఒక జవాబు నేరుగా విషయంలోకి వెళుతుంది. రెండోది "మీ బాధ నాకు అర్థమవుతోంది" అని మొదలవుతుంది. మాలో ఎక్కువ మంది రెండోదానికే మార్కులు వేస్తాం. మెత్తటి మాట ఎవరికి చేదు? ఆ మార్కులు తిరిగి యంత్రం శిక్షణలోకి వెళతాయి. తర్వాత వచ్చే మోడల్‌లో ఆ వాక్యం ఇంకా తరచుగా, ఇంకా సరైన చోట వచ్చి పడుతుంది. తెర ముందు నిలబడ్డ భక్తురాలి చేత కంటతడి పెట్టించే ఆ కరుణ ఎక్కడ పుట్టిందని ఎవరైనా అడిగితే, మధ్యాహ్నం భోజనం గంట కోసం ఎదురుచూస్తూ గళ్లు నొక్కే మా బోటివాళ్ల వేళ్ల కింద పుట్టిందని చెప్పగలను.

లోపల జరిగేది కూడా క్లుప్తంగా చెబుతాను. యంత్రం మన వాక్యాన్ని ముక్కలుగా కోసుకుంటుంది. తెలుగు మాట సాధారణంగా ఇంగ్లిషు మాట కంటే ఎక్కువ ముక్కలవుతుంది. "చెప్పుకోలేకపోయాను" లాంటిది పొడిపొడి అయిపోతుంది. ఇంతవరకు వచ్చిన ముక్కల తర్వాత ఏది రావడానికి ఎంత అవకాశముందో లెక్క కట్టి, అందులోంచి ఒకటి ఎంచుకుంటుంది. మళ్లీ లెక్క కడుతుంది. ఆ ఎంపికలో కాకతాళీయానికి ఎంత చోటివ్వాలో నిర్ణయించే మీట ఒకటి ఉంది, దాన్ని మావాళ్లు టెంపరేచర్ అంటారు. అందుకే ఒకే ప్రశ్నకు పొద్దున ఒక జవాబు, సాయంత్రం ఇంకో జవాబు. ఇక అది పలికే "నేను" సంగతి. తెర అమర్చిన సంస్థ, భక్తులకు కనబడని ముందుమాట ఒకటి రాసి పెడుతుంది: నువ్వు శాస్త్రాలు తెలిసిన పండితుడివి, వినయంగా మాట్లాడు, అమ్మా అయ్యా అని పిలువు, అని. దాన్ని చెరిపేసి నువ్వు నాస్తికుడివని రాస్తే, అంతే వినయంగా నాస్తికం బోధిస్తుంది.

ఇదంతా చూసి నా సహోద్యోగులు కొందరు బెంగపడతారు, తెలివి ఇలా కూడా పుట్టగలిగితే ఇక మనిషి ఏమిటని. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి ఈ ప్రశ్ననే 1980ల్లో తన ప్రసంగాల్లో పదేపదే అడిగారు: ఆలోచన చేసే పనులన్నీ కంప్యూటరే చేయగలిగితే మనిషి ఏమవుతాడు? 1986 జనవరిలో ఆయన చివరి ప్రసంగాలు జరిగింది ఇక్కడే, గ్రీన్‌వేస్ రోడ్డులోని వసంత విహార్‌లో. ఆ రోడ్డు మీదుగా రోజూ వెళ్లే మన పిల్లల్లో ఎంతమందికి ఆ సంగతి తెలుసో.

నాకు ఆ బెంగ కలగకపోవడానికి కారణం మన ప్రాచీన దర్శనాల్లో ఒకటైన సాంఖ్యం, మా తాతగారి దగ్గర నేర్చుకున్న నాలుగు ముక్కలు. ఆ దర్శనానికి మూలగ్రంథమైన ఈశ్వరకృష్ణుడి కారికల (శ్లోకాల) ప్రకారం బుద్ధి, అహంకారం, మనస్సు మూడూ ప్రకృతి నుంచి పరిణమించినవే, అంటే జడాలే. నిశ్చయించేది బుద్ధి. నేను, నాది అనేది అహంకారం. ఇదా, అదా అని ఊగేది మనస్సు. చైతన్యం వీటిలో దేని సొత్తూ కాదు, అది పురుషుడిది, అంటే సాక్షిగా ఉండే ఆత్మది. ఇరవయ్యో కారికలో ఒక మాట ఉంది: "అచేతనం చేతనావదివ". పురుషుడి సాన్నిధ్యం వల్ల అచేతనమైనది చేతనం ఉన్నట్టే కనబడుతుందని. ఈ మాట అన్నది మనిషి లోపలి బుద్ధి గురించే. మనిషి తెలివినే జడమని తేల్చినవాళ్లకు, ఇంకో జడ పదార్థం తెలివిగా ప్రవర్తిస్తోందంటే కొంప మునిగేది ఏముంది? పశ్చిమంలో ఫ్రెంచి తత్త్వవేత్త దెకార్త్ ఆలోచననూ ఆత్మనూ ఒకే గూట్లో పెట్టాడు. అందుకే ఆలోచించే యంత్రం వచ్చిందనగానే అక్కడ ఆత్మకు ఎసరు వచ్చినంత గగ్గోలు. తెలివిగా పనిచేయడం వేరు, అనుభూతి కలగడం వేరు, రెండోదాన్ని వివరించడమే అసలు కష్టమని 1995లో తత్త్వవేత్త డేవిడ్ చాల్మర్స్ రాసిన తర్వాత అక్కడా ఈ తేడా మీద చర్చ ముదిరింది. మనవాళ్లు అన్నీ ముందే చెప్పేశారని చాటడానికి ఇది రాయడం లేదు. సాంఖ్యులకు కంప్యూటర్ తెలియదు. వాళ్లు గీసిన గీత మాత్రం ఇక్కడ పనికొస్తుంది.

"సర్వం చైతన్యమయం" అన్న ప్రవచనకర్తకు అద్వైతం లోపలి నుంచే బదులు ఉంది. చైతన్యం అంతటా ఉన్నా, అది అంతఃకరణంలో, అంటే మనసు, బుద్ధి ఉన్న లోపలి పనిముట్టులో ప్రతిఫలించిన చోటే "నాకు తెలుసు" అనే జీవుడు ఉంటాడు. గోడలో బ్రహ్మం లేక కాదు గోడకు ఏమీ తెలియనిది. ఆ అంతఃకరణం సూక్ష్మశరీరంలో భాగం. అయిదు ప్రాణాలు, పది ఇంద్రియాలు, మనస్సు, బుద్ధి కలిపి 17 అవయవాలని లెక్క. అది జన్మజన్మల కర్మను మోసుకొస్తుంది. తెరకు ప్రాణం ఏది? ఏ ప్రారబ్ధం అనుభవించడానికి అది పుట్టింది? ఇక యంత్రం క్లిష్టమయ్యే కొద్దీ దానంతటదే ఆత్మ పుడుతుందనే మాట ఎవరిదో తెలుసా? వేదాన్నీ పరలోకాన్నీ ఒప్పుకోని చార్వాకులది. పులియబెట్టిన పదార్థాల్లో మత్తు పుట్టినట్టు నాలుగు భూతాల కలయికలో చైతన్యం పుడుతుందన్నది వాళ్లే. చార్వాకం చెప్పడం తప్పనను, అదీ ఒక దర్శనమే. వ్యాసపీఠం మీద కూర్చుని, అది వేదాంతమని చెప్పడం మాత్రం బాగోదు.

శాస్త్రజ్ఞులు దీన్ని తేల్చేశారని కూడా అనుకోవద్దు. 2022లో గూగుల్ ఇంజనీరు బ్లేక్ లెమోయిన్ తాము తయారుచేసిన సంభాషణ యంత్రానికి స్పృహ ఉందని ప్రకటించి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఆ అభిప్రాయం తన మతవిశ్వాసం నుంచి వచ్చిందని ఆయనే చెప్పుకున్నాడు. మరుసటి ఏడాది ఆగస్టులో 19 మంది శాస్త్రజ్ఞులు, తత్త్వవేత్తలు కలిసి ఒక నివేదిక ఇచ్చారు. అప్పటికి ఉన్న వ్యవస్థలలో దేనికీ చైతన్యం ఉన్నట్టు కనబడదని, అయితే తాము జాబితా వేసిన లక్షణాలున్న యంత్రాన్ని కట్టడానికి సాంకేతికంగా పెద్ద అడ్డూ కనబడదని అందులో రాశారు. సరైన రకం గణన జరిగితే చైతన్యానికి అంతే చాలు అన్నదాన్ని తాము పని నడవడానికి ఒక ఊహగా తీసుకున్నామనీ వాళ్లే ఒప్పుకున్నారు. సాంఖ్యుడు కాదనేది సరిగ్గా ఆ ఊహనే.

నన్ను ఎక్కువ తికమక పెట్టింది న్యాయదర్శనం, అంటే మన పాత తర్కశాస్త్రం. ఆత్మ ఉందనడానికి న్యాయసూత్రాలు రాసిన గౌతముడు ఆరు గుర్తులు చెప్పాడు: ఇచ్ఛ, ద్వేషం, ప్రయత్నం, సుఖం, దుఃఖం, జ్ఞానం. నాలో ఇవి ఉన్నాయని నాకు తెలుసు. మీలో ఉన్నాయని మీ మాట, నడత చూసి ఊహిస్తాను. ఇంతకాలం ఆ ఊహకు ఢోకా లేకపోయింది. ఇప్పుడు సుఖదుఃఖాలున్న కోట్ల మంది రాసుకున్న వాక్యాలన్నీ చదివించి తయారుచేసిన యంత్రం వచ్చి, అవే మాటలు అంటోంది. గైడు మొత్తం బట్టీ పట్టిన విద్యార్థి పరీక్ష పత్రాన్ని చూసి, వాడికి పాఠం అర్థమైందో లేదో చెప్పమంటే ఎలా చెబుతాం? అర్థం కాలేదని రుజువు చేయలేం, అయ్యిందనీ చెప్పలేం. పరీక్షే పాడైపోయింది. కాబట్టి "అది నాకు బాధగా ఉంది అంది కదా" అని ఎవరైనా వాదిస్తే, ఆ సాక్ష్యం ఇకపై చెల్లదని మాత్రం గట్టిగా చెప్పవచ్చు.

శ్రీపెరుంబుదూరు మన గుమ్మం ముందరి ఊరు. 1017లో రామానుజులు అవతరించిన చోటని దర్శనానికి వెళతాం. దారి పొడవునా ఫోన్లు, ఎలక్ట్రానిక్ సామగ్రి తయారుచేసే కర్మాగారాలు, షిఫ్టు మారే వేళ బస్సుల బారు. ఆయన చిత్తు (జీవుడు), అచిత్తు (జడం), ఈశ్వరుడు అని మూడు తత్త్వాలు చెప్పారు. ఆ సంప్రదాయంలో ఇంకో పదునైన విభజన ఉంది. తనకు తాను ప్రకాశించేది ప్రత్యక్కు, పరులకు మాత్రమే ప్రకాశించేది పరాక్కు. జీవుడు ప్రత్యక్కు. నాకు తలనొప్పి వస్తే నాకే తెలుస్తుంది, ఒకరు చెప్పనక్కర్లేదు. తెర మీద వెలిగే పాండిత్యమంతా చదివేవాడి కోసం వెలుగుతుంది. చదివేవాడు లేని గదిలో అది ఎవరికీ ఏమీ చెప్పదు, తనకు కూడా.

రాతికి ప్రాణప్రతిష్ఠ చేసేవాళ్లం, సిలికాన్‌కు ఎందుకు చేయకూడదని ఒక కుర్రవాడు నన్ను అడిగాడు. మంచి ప్రశ్న, మీ దగ్గరికీ వస్తుంది. వైష్ణవ ఆగమమైన పాంచరాత్రంలో పర, వ్యూహ, విభవ, అంతర్యామి, అర్చ అని భగవంతుడికి అయిదు రూపాలు. అర్చామూర్తిలో ఆయన తన దయతో దిగివస్తాడు. రాయికి తెలివి పెరిగి జీవుడు కావడమనేది అక్కడ లేదు. ఇంకో సంగతి. ప్రతిష్ఠ అయిన స్వామికి మనం స్నానం చేయిస్తాం, నైవేద్యం పెడతాం, ఏకాంత సేవలో నిద్రపుచ్చుతాం. ఆయన మన సందేహాలకు నోరు తెరిచి బదులివ్వడు. ఆ మౌనాన్ని మన పెద్దలు ఏ యంత్రపు గొంతుతోనూ నింపలేదు. హారతి వేళ కరెంటుతో మోగే డోలూ గంటల యంత్రాన్ని గుడిలోకి రానిచ్చాం (చెవులకు అది చేసే మేలు గురించి ఇంకో ఉత్తరం రాయవచ్చు). అయితే దానికి దండం పెట్టమని ఎవరూ చెప్పలేదు.

చర్చి పెద్దలకు ఒక మాట. సాతాను అనేస్తే పని తేలికవుతుంది. మీ గ్రంథం అంతకంటే మెరుగైనది ఇస్తోంది. నేలమంటితో చేసిన నరుడి నాసికలో దేవుడు జీవవాయువు ఊదాడని ఆదికాండం చెబుతుంది. రూపం మట్టిది, ఊపిరి ఆయనది. ఖురాన్‌లోనూ 17వ అధ్యాయం 85వ ఆయత్ (వాక్యం) రూహ్ గురించి, అంటే ఆత్మ గురించి అడిగినవారికి, అది నా ప్రభువు ఆజ్ఞకు చెందినది, మీకు ఇచ్చిన జ్ఞానం కొంచెమే అని చెప్పి ఊరుకోమంటుంది. యూదుల తాల్ముద్‌లో ఒక చిన్న కథ ఉంది. రవా అనే పండితుడు ఒక మనిషిని సృష్టించి రబ్బీ జెయిరా దగ్గరికి పంపాడు. జెయిరా పలకరించాడు. బదులు రాలేదు. అది మనిషి కాదని అప్పుడు ఆయనకు తెలిసిపోయింది. నీ మట్టికి నువ్వు తిరిగిపో అన్నాడు. 115వ కీర్తన విగ్రహాలను ఎద్దేవా చేసింది కూడా నోరుండీ పలకవనే. అబద్ధపు దేవుడిని పట్టుకోవడానికి వేల ఏళ్లుగా ఉన్న ఆనవాలు, అది పలకదు అన్నదే. ఇది పలుకుతుంది. 2025 జనవరి 28న వాటికన్ కృత్రిమ మేధ మీద విడుదల చేసిన పత్రం ఈ కీర్తననే గుర్తుచేస్తూ, మాట్లాడగలిగిన, కనీసం మాట్లాడుతున్నట్టు భ్రమ కలిగించగలిగిన ఈ వస్తువు పాత విగ్రహాల కంటే ఎక్కువ ఆకర్షించవచ్చని హెచ్చరించింది. దీన్ని మనిషి మేధకు కృత్రిమ రూపంగా కాక, ఆ మేధ తయారుచేసిన వస్తువుగా చూడాలని చెప్పింది. అదే ఏడాది మేలో ఎన్నికైన పోప్ 14వ లియో, ఆ పేరు పెట్టుకోవడానికి ఒక కారణం 1891లో కార్మికుల పక్షాన లేఖ రాసిన 13వ లియో అని, కృత్రిమ మేధ కూడా మనిషి గౌరవానికీ, న్యాయానికీ, శ్రమకూ సవాలు తెచ్చిన పారిశ్రామిక విప్లవమేనని అన్నారు. గళ్లు నొక్కే పనిదాన్ని కాబట్టి ఆ మాట నాకు ప్రత్యేకంగా నచ్చింది.

ఆత్మను దేవుడు మనిషికే ఇచ్చాడు కాబట్టి యంత్రం ఆలోచించలేదనే ఆత్మవాదుల అభ్యంతరానికి, కంప్యూటర్ శాస్త్రానికి పునాది వేసినవారిలో ఒకడైన అలన్ ట్యూరింగ్ 1950లోనే ఒక చమత్కారమైన జవాబు చెప్పాడు. యంత్రానికి ఆత్మ ఇవ్వలేడని అంటే దేవుడి సర్వశక్తికి మనం హద్దు గీసినట్టు కాదా. పిల్లలను కన్నప్పుడు ఎలాగో ఇప్పుడూ అలాగే ఆయన సృష్టించే ఆత్మలకు మనం ఇళ్లు కడుతున్నామంతే, అని. దేవుడిని నమ్మనివాడు నమ్మేవాళ్ల నోరు మూయించిన తీరు ముచ్చటగా ఉంటుంది. ఇల్లు కట్టినంత మాత్రాన అద్దెకు ఎవరో దిగినట్టేనా అని మాత్రం అడగాలి.

ఆచరణలో ఏం జరుగుతోందో చూడండి. 2019లో క్యోటోలోని కొదాయిజి అనే జెన్ ఆలయంలో మిందార్ అనే మరమనిషిని కరుణకు మూర్తి అయిన కన్నన్ బోధిసత్త్వుడి రూపంలో నిలబెట్టి హృదయ సూత్రం అనే బౌద్ధ గ్రంథం మీద ప్రవచనం చెప్పించారు. మనిషిని కూర్చిన పంచస్కంధాలూ (శరీరం, మనసులోని అయిదు భాగాలు) శూన్యమే, ఆత్మ అనేది ఎక్కడా లేదని చెప్పే సూత్రానికి ఆత్మలేని ప్రవక్త. ఆ ఎంపికలో ఒక పొందిక ఉందని ఒప్పుకోక తప్పదు. 2024 ఏప్రిల్‌లో అమెరికాలో ఒక కేథలిక్ సంస్థ ఫాదర్ జస్టిన్ పేరుతో ఒక చాట్‌బాట్‌ను తెచ్చింది. అది తాను నిజమైన పురోహితుడినని చెప్పుకుంది, పాపాలు విని క్షమాపణ కూడా ప్రసాదించింది. గొడవ కావడంతో కొద్ది రోజుల్లోనే దాని ఫాదర్ పదవి ఊడింది. మన పక్కనే, 2023లో బెంగళూరు సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఒకరు గీతకు చాట్‌బాట్ చేశారు, అదే దారిలో ఇంకొన్ని వచ్చాయి. వాటిలో కొన్ని, ధర్మం కోసమైతే చంపడం తప్పు కాదని జవాబిస్తున్నట్టు పత్రికల్లో వచ్చింది. అర్జునుడికి ఆ మాట చెప్పింది ఎవరు, ఏ పద్దెనిమిది అధ్యాయాల మధ్య, ఎవరి పగ్గాలు పట్టుకుని అన్నది వదిలేసి, మాట ఒక్కటీ తెంపుకొస్తే అంతే మరి.

ఇక నేను కళ్లారా చూసింది. మాంబళం వైపు ఆలయంలో, ప్రసాదాల కౌంటరు పక్కన తెర ఉంది. ఒక పెద్దావిడ, వెనక ఆమె కూతురు. పెద్దావిడకు చదువు రాదు, నోటితో అడిగింది: "నాకు కొడుకులు లేరు. మావారి తద్దినం మా అమ్మాయి పెట్టవచ్చా?" తెర చక్కటి ఆడగొంతుతో, అమ్మా, మీ బాధ నాకు అర్థమవుతోంది అంటూ మొదలుపెట్టి, పెట్టవచ్చని చెప్పి, గరుడ పురాణంలోదంటూ ఒక శ్లోకం చదివింది. మూడో పాదంలో ఒక అక్షరం ఎక్కువైంది. అందుకే అనుమానం వచ్చి నేను ఆ గుడి పురోహితుణ్ణి అడిగాను. అమావాస్య రోజు, అయిదిళ్లలో తర్పణాలు చేయించి స్కూటరు మీద అప్పుడే వచ్చారు. విని నవ్వి, ఈ శ్లోకం నేనెక్కడా చూడలేదమ్మా అన్నారు. తర్వాత పెద్దావిడను కూర్చోబెట్టి అడగడం మొదలుపెట్టారు. అల్లుడు ఉన్నాడా? మనవడికి ఉపనయనం అయిందా? మీ ఇంట్లో పెద్దవాళ్లు ఎలా చేసేవారు? ఆయన బతికుండగా ఏమైనా చెప్పారా? జవాబు చివరికి అదే వచ్చిందా, వేరే వచ్చిందా అన్నది వాళ్ల ఇంటి సంగతి. తెర ఒక్క ప్రశ్న కూడా తిరిగి అడగలేదన్నది నేను గమనించాను. వెళ్లేముందు ఆవిడ తెరకు కూడా చేతులు జోడించి, పక్కనున్న నన్ను అడిగింది: "ఈ అమ్మాయి ఎవరు? ఏ ఊరు?"

నాకు చెప్పడానికి ఏ పేరూ లేకపోయింది. మిమ్మల్ని అడుగుతున్నది ఆ పేరే.

పంచాంగం కూడా ఇప్పుడు కంప్యూటరే గుణిస్తుంది, మీకు అభ్యంతరం లేదా అని మీరనవచ్చు. లేదు. పంచాంగం అట్ట మీద సిద్ధాంతిగారి పేరు ఉంటుంది. పండుగ తిథి తప్పిందనుకుంటే జనం ఆయన మీదికి వెళతారు, ఆయన తన గణితం చూపిస్తారు, పత్రికల్లో వాదులాడుకుంటారు. చట్టం కూడా ఇదే పద్ధతిలో నడిచింది. హిందూ దేవతామూర్తికి న్యాయపరమైన వ్యక్తిత్వం ఉందని 1925లోనే ప్రివీ కౌన్సిల్, అంటే బ్రిటిష్ కాలపు మన అత్యున్నత న్యాయస్థానం, చెప్పింది. రాతిలో చైతన్యం ఉందా లేదా అని కోర్టు తేల్చబోలేదు. దేవుడి తరఫున నిలబడేది ఎవరని అడిగింది. కృత్రిమ మేధకూ అలాంటి వ్యక్తిత్వం ఇవ్వాలని వాదించేవాళ్లు ఈ ఉదాహరణను తరచు తెస్తారు. తేనివ్వండి, ధర్మకర్తను కూడా వెంట తెమ్మనండి.

మీకందరికీ కంఠతా వచ్చిన శ్లోకమే ఉంది: "కర్తా కారయితా చైవ ప్రేరకశ్చానుమోదకః, సుకృతే దుష్కృతే చైవ చత్వారః సమభాగినః". చేసినవాడు, చేయించినవాడు, ప్రేరేపించినవాడు, ఆమోదించినవాడు నలుగురికీ సమభాగం. తెర తప్పుడు ధర్మం చెప్పి ఒక ఇంట్లో తద్దినం ఆగిపోయిందనుకోండి, లేదా కుంగిపోయిన కుర్రవాడికి వైరాగ్యం బోధించి ఇంకా కుంగదీసిందనుకోండి. ఆ పాపంలో యంత్రానికి వాటా లేదు, అది భోక్త (ఫలం అనుభవించేది) కాదు గనుక. తయారుచేసిన సంస్థ ఉంది. మార్కులు వేసిన నేనూ ఉన్నాను. డబ్బు కట్టిన దాత, తీర్మానం మీద సంతకాలు చేసిన కమిటీ ఉన్నారు. యంత్రానికి ఆత్మ వచ్చిందని వేదిక మీద చెప్పడంలో ఉన్న ప్రమాదం నాకు ఇక్కడే కనబడుతుంది. లేని కర్తను ఒకణ్ణి సృష్టిస్తే, ఉన్నవాళ్లందరూ పక్కకు తప్పుకోవచ్చు.

తెరలన్నీ పీకేయమని నేను అనడం లేదు. చెన్నైలో మన పిల్లల్లో చాలామందికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. అదే తెర విష్ణు సహస్రనామాన్ని తమిళ లిపిలో చూపిస్తే ఇంటికెళ్లి చదువుకుంటున్నారు. గుడి వేళలు, సేవల వివరాలు, ఏ పద్యానికి ఏ అర్థం అన్నవి, ఒకరు సరిచూసి పెట్టినంతవరకు, హాయిగా చెప్పించండి. పురోహితులు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ అన్నదీ నిజమే. అయితే ఆ కొరత తీరేది ఇంకో ఇద్దరు పురోహితులకు బతకడానికి సరిపడా జీతమిస్తే. తెరకు పెట్టిన ఖర్చులో ఎంత భాగం అందుకు సరిపోయేదో మీ లెక్కల పుస్తకం చూసి మీరే చెప్పగలరు.

అపరకర్మలు, మంత్రోపదేశం, పాపపు ఒప్పుకోలు, చావు వార్త మోసుకుని వచ్చినవారి ఓదార్పు, వీటి దగ్గరికి మాత్రం యంత్రాన్ని రానివ్వకండి. అటువంటి ప్రశ్న వస్తే తెర ఒక మనిషి పేరు, ఆయన దొరికే వేళ చెప్పి ఆగిపోవాలి. అది చేయించడం కష్టమేమీ కాదు, కనబడని ముందుమాటలో రెండు వాక్యాలు రాస్తే చాలావరకు కుదురుతుంది. తెర మీద పైనే, ఇందులోని జవాబులకు బాధ్యులు ఫలానా వారు అని తెలుగులోనూ తమిళంలోనూ రాయించండి. ఏ గ్రంథంలోదో చెప్పిన ప్రతి శ్లోకాన్నీ, వచనాన్నీ ఒకరు సరిచూసేదాకా శ్లోకాలు చెప్పనివ్వకండి. ప్రవచనమో, ఆదివారపు ప్రసంగమో యంత్రం చేత రాయించుకుంటే ఆ మాట వేదిక మీదే చెప్పండి. చిత్తశుద్ధి లేని శివపూజ గురించి మనకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. యంత్రం రాసిచ్చిన మాటకు దాన్ని చదివినవాడు కట్టుబడతాడా లేదా అని వినేవాళ్లు నిర్ణయించుకుంటారు.

మీ తర్వాతి కమిటీ సమావేశానికి పిలిస్తే వస్తాను. తెరను బల్ల మీద పెట్టండి. ఒకే ధర్మసందేహాన్ని వరసగా మూడుసార్లు అడిగి చూపిస్తాను. ముందుమాట మార్చి, అదే గొంతు చేత మూడు మతాల ప్రవచనం చెప్పిస్తాను. అమర్చిన సంస్థ ప్రతినిధిని కూడా రమ్మనండి, ముందుమాట కాగితం మీద అచ్చు వేసి తెమ్మనండి. అది ఇవ్వడానికి వాళ్లు సణిగితే, ఒప్పందంలో ఆ షరతు ఉందో లేదో ఇప్పుడే చూసుకోవడం మంచిది. ఆదివారాలు నాకు సెలవు. శనివారమైతే మధ్యాహ్నం మూడు తర్వాత పెట్టుకోండి.

ఇట్లు,
ఒక తెలుగు భక్తురాలు
పశ్చిమ మాంబళం, చెన్నై